బస్సు వెనక సీటును మంచముగా గుర్తించు విషయము

గ్రామీణ వైద్య మార్గదర్శకాల అమలు అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మూత్రాశయ క్యాన్సరు చికిత్సలో రోగి పడుకొనవలసిన రెండు గంటలను బస్సులో పడుకొన్నందున అవి చెల్లవని తమ కార్యాలయము తీర్మానించుట – సదరు బస్సు వెనక సీటును మంచముగా గుర్తించి, నిలిపివేసిన గొట్టపు పరీక్షను జరిపించుమని కోరుట – గురించి.

సూచిక: తమ కార్యాలయ గుమాస్తాగారు రోగి చేతికిచ్చిన తిరస్కరణ ఉత్తర్వు.

సదరు రోగికి నేను స్వయానా తమ్ముడను. కళాశాలలో ప్రభుత్వ పాలనా శాస్త్రము బోధించుచున్నాను. అర్జీ ఎట్లు రాయవలెనో ఏటేటా విద్యార్థులకు నేర్పుదును. అర్జీ ఎట్లు చదువబడునో నాకును తెలియదు గనుక ఆ భాగము పాఠ్యప్రణాళికలో లేదు. ఈ దిగువ రాసినదానిలో ఎక్కడైనను వినయము లోపించినట్లు తోచినచో దానిని చేతిరాత దోషముగా భావించ ప్రార్థన.

1. రోగి నూలుకు రంగులు అద్దు పనిలో జీవితము గడిపినాడు. మరుగుచున్న రంగునీళ్ళ తొట్టిలో నూలు చిలపలను, అనగా చుట్టలను, ముంచి, కర్రతో తిప్పి, చేతులతో పిండి ఆరవేయుట ఆయన పని. ఏ వారము ఏ రంగు నడుచుచున్నదో ఇంట్లో ఎవరూ అడుగవలసిన అవసరము ఉండేది కాదు. అన్నము ముందు కూర్చుంటే గోళ్ళే చెప్పేవి. దిండు గలీబులకు సైతము ఆయన చెమట రంగు పట్టేది. కావున ఒకనాడు మూత్రము ఎర్రగా వచ్చినప్పుడు ఆయన కంగారుపడలేదు. వదిన కంగారుపడినది.

"ఏంటండీ ఇది?" అన్నది.

"ఎర్ర తొట్టి పని కదా ఈ వారం" అన్నాడు.

ఆ సమాధానము మా ఇంట్లో అందరికీ సమంజసముగానే తోచినది. నాకు కూడా తోచినది. చెమటలో దిగు రంగు మూత్రములో దిగరాదని చెప్పు మార్గదర్శకమేదీ అప్పటికి మా దృష్టికి రాలేదు. తరువాత ఆయనను ఆకుపచ్చ తొట్టికి మార్చినారు. మూత్రము మాత్రము ఎర్రగానే ఉన్నది. అప్పుడు అన్నయ్య నేరుగా మేస్త్రీ వద్దకు పోయి, ఆకుపచ్చ రంగులో ఎవరో ఎరుపు కలుపుచున్నారని ఫిర్యాదు చేసినాడు. మేస్త్రీ తొట్టిలో వేలు ముంచి, వెలుతురుకు పెట్టి చూసి, "రంగు బాగానే ఉందిరా. నువ్వే బాగాలేవు" అన్నాడు.

వ్యాధి నిర్ధారణ ఆ విధముగా జరిగినది.

2. పట్నపు ఆసుపత్రిలో గొట్టము పంపి చూసి, గడ్డను గీకి తీసివేసినారు. దీనిపై నాకు ఏ ఫిర్యాదూ లేదు. గడ్డ కండరములోనికి దిగలేదని, అదృష్టవంతులని డాక్టరుగారు అన్నారు. ఆ మాటను వదిన నేటికీ వాడుకలో ఉంచినది. అన్నయ్య చేతిలోనుండి గ్లాసు జారిననూ, కాలికి గడప తగిలిననూ "అదృష్టవంతులు మీరు" అనుచుండును.

గడ్డ తిరిగి మొలవకుండుటకు వారానికొకసారి చొప్పున ఆరు వారములు మూత్రాశయములోనికి మందు పంపవలెనని, ఆపైన గడువు ప్రకారము మరల గొట్టపు పరీక్ష జరిపి చూడవలెనని, ఈ జబ్బు చెప్పాపెట్టకుండా తిరిగి వచ్చు రకము గనుక ఆ పరీక్షను వాయిదా వేయరాదని కూడా డాక్టరుగారు చెప్పినారు. రంగు తొట్టి జోలికి ఇక పోరాదన్నారు. అన్నయ్య ఆనాటి నుండి ఇంటి వరండాలో కూర్చుని తెల్ల నూలుకు కండెలు చుట్టుచున్నాడు. ఆయన చేతులు మనుషుల చేతుల రంగులో ఉండుట నేను చూచుట అదే మొదలు. ఎవరివో అనిపించినవి.

ఆ మందు, పసిపిల్లలకు క్షయ రాకుండా వేయు టీకా మందేనని తెలిసి వదిన నర్సును అడిగినది: "ఈయనకి ఈ వయసులో చిన్నపిల్లల టీకా ఏంటమ్మా?"

"చిన్నప్పుడు తప్పించుకున్నాడేమో, ఇప్పుడు దొరికాడు" అన్నది నర్సు.

ఆసుపత్రిలో మేము నవ్విన సందర్భము అది ఒక్కటే అయినందున ఇచ్చట పేర్కొనుచున్నాను.

3. మార్గదర్శకములు. ఇవి మందు ఎక్కించు గది గోడకు అద్దము బిగించి తగిలించబడి ఉన్నవి. మందు లోపలికి పోయిన పిమ్మట రోగి రెండు గంటలు మూత్రము ఆపుకొనవలెననియు, ఆ రెండు గంటలూ పడుకొని, పావుగంటకొకసారి వెల్లకిలా, ఎడమకు, బోర్లా, కుడికి తిరుగవలెననియు, అప్పుడే మందు లోపలి గోడలన్నిటికీ తగులుననియు అందు స్పష్టముగా ఉన్నది. భాష చక్కగా ఉన్నది. నేను నా విద్యార్థులకు చదివి వినిపించినాను.

గదిలో మంచము ఒక్కటి. అన్నయ్యకు మందు ఎక్కించుట పూర్తి అగునప్పటికే తరువాతి రోగి పైజామా నాడా చేతపట్టుకొని గుమ్మములో నిలబడి ఉండును. "లేవండి లేవండి, బయట ఎక్కడైనా పడుకోండి" అని నర్సు అనును. "బయట ఎక్కడైనా" అను స్థలము కొరకు ఆవరణ అంతయు వెదకగా, వరండాలో సిమెంటు బెంచీ ఒకటి కనబడినది. అన్నయ్య దానిమీద ఎడమ వైపునకు తిరిగి పడుకొన్నాడు. ఇంకను బోర్లా తిరుగవలసిన సమయము కాలేదు, కాపలాదారు వచ్చి కర్రతో బెంచీ కాలు మీద తట్టినాడు.

"లే, లే. ఇక్కడ పడుకోకూడదు."

"పడుకోలేదు బాబూ. వైద్యం జరుగుతోంది" అన్నాడు అన్నయ్య, కళ్ళు తెరవకుండా.

"ఎవరు చేస్తున్నారు?"

"లోపల మందు చేస్తోంది."

"అయితే కూర్చుని చేయించుకో."

కాపలాదారును నేను తప్పుపట్టుట లేదు. ఇచ్చట పడుకొనరాదు అను పలక ఆయన నెత్తిమీదనే వేలాడుచున్నది. పడుకొనవలెనను ఆదేశము గోడకు లోపలివైపున, పడుకొనరాదను ఆదేశము అదే గోడకు బయటివైపున ఉన్నవి. ఈ రెండింటికీ నడుమ మా అన్నయ్యకు మిగిలినది గోడ మందము.

4. మా ఊరికి మధ్యాహ్నము పోవు బస్సు ఒక్కటే. అది తప్పిన పక్షమున మరునాటి వరకు వేరొకటి లేదు. కావున అన్నయ్యను లోపలి మందుతో సహా బస్సు ఎక్కించి, వెనకనున్న పొడుగు సీటుమీద పడుకోబెట్టినాము. కండక్టరమ్మ వచ్చినది.

"ఏం పెద్దాయనా, టికెట్టు ఒకటీ, సీట్లు ఐదా?"

వదిన ఉన్నదున్నట్లు చెప్పినది. మెల్లగా చెప్పుట ఆమెకు అలవాటు లేదు గనుక ఆ సంగతి డ్రైవరు వరకు వినబడినది.

"ఎంతసేపు ఆపుకోవాలి?" అన్నది కండక్టరమ్మ.

"రెండు గంటలు. పావుగంటకోసారి తిరగాలి."

కండక్టరమ్మ చేతి గడియారము చూసుకొని, టికెట్లు కొట్టుటకు ముందుకు పోయినది. వేళకు ఈల ఊదినది. డ్రైవరు బ్రేకు వేసినాడు.

"నీక్కాదు, నువ్వు పోనీ! ఇది ఆయనకి" అని అరిచి, వెనక్కు తిరిగి, "పెద్దాయనా, బోర్లా!" అన్నది.

రెండవ వారమునకు ఇది ఏర్పాటుగా స్థిరపడినది. ఆగుటకు ఒక ఈల, బయలుదేరుటకు రెండు, అన్నయ్య తిరుగుటకు మూడు. కూరగాయలమ్మే ఆవిడ తన గోనెసంచులను మడిచి, ఆయన జారిపడకుండా అంచుకు అడ్డము పెట్టేది. మలుపు వచ్చినప్పుడు టైలరు లేచి వచ్చి భుజము పట్టుకొనేవాడు. అందరికీ ఈ వైద్యములో ప్రవేశము కలిగినది. వారి మధ్య అభిప్రాయ భేదములు కూడా వచ్చినవి.

"ఇప్పుడు బోర్లా."

"బోర్లా ఇందాకే అయిపోయింది. ఇప్పుడు కుడికి."

"ఇందాకటిది ఎడమ. నేను చూస్తూనే ఉన్నా."

"నువ్వు నిద్రపోతున్నావు కదమ్మా!"

"ఒక కన్నుతోనే పోయా."

తగవు తెగక, చివరకు టైలరు రోగినే అడిగినాడు: "నువ్వే చెప్పన్నా, ఏ వైపు?"

"కాల్చేవాళ్ళని అడగాలి గానీ, రొట్టెని అడుగుతావేంట్రా?" అన్నాడు అన్నయ్య.

బస్సంతా నవ్వినది. నవ్వకుండా ఉన్నది ఆయన ఒక్కడే. నవ్వితే ఆపుకొనలేడు. పెదవి కరచుకొని, కళ్ళవెంట నీళ్ళు కారుచుండగా, సీటు కమ్మీని రెండు చేతులతో పట్టుకొని పడుకొని ఉన్నాడు. కండక్టరమ్మ అది చూసి ఆ రోజే నిబంధన విధించినది.

"ఇదిగో, చెబుతున్నా. ఈ బస్సులో ఎవరూ ఆయన్ని నవ్వించకూడదు. పెద్దాయనా, నువ్వూ ఎవర్నీ నవ్వించకూడదు."

మా టైలరు నోరు తెరిస్తే హాస్యమే గాని వేరొకటి రాదు. ఆయన ఆ తరువాత ప్రయాణమంతా కిటికీ వైపునకు మొగము పెట్టి కూర్చునేవాడు. ఈ చికిత్స కొరకు అందరికన్నా ఎక్కువ ఓర్చుకొన్నది ఆయనేనని వదిన అభిప్రాయము.

5. రహదారుల శాఖవారికి ఈ సందర్భముగా కృతజ్ఞతలు తెలుపవలసి ఉన్నది. రోడ్డు బాగుగా ఉన్న కాలములో మా ఊరు గంటన్నర ప్రయాణము. వారు దానిని ముట్టుకొనకుండా కాపాడిన కారణముగా ప్రస్తుతము రెండు గంటలు పట్టుచున్నది. మార్గదర్శకములలో ఉన్నదియు సరిగ్గా రెండు గంటలే. రెండు శాఖల నడుమ ఇట్టి సమన్వయము నేను పాఠ్యపుస్తకములలో మాత్రమే చదివియున్నాను. ఒకసారి బస్సు ముందుగానే ఊరి పొలిమేర చేరుకొన్నది. డ్రైవరు ఇంజను ఆపి, దిగి, టైర్లను ఒక్కొక్కటిగా తన్ని చూచుట మొదలుపెట్టినాడు. ఆఖరి మూడు ఈలలు వినబడిన తరువాతనే ఎక్కి బస్సు తీసినాడు.

6. ఇక అసలు ఫిర్యాదు. గొట్టపు పరీక్షకు ఇచ్చిన గడువునాడు అన్నయ్య, వదిన, నేను ఆసుపత్రికి పోయినాము. పరీక్షకు ముందు తమ కార్యాలయములో ఒక ప్రశ్నావళి పూరించవలెనన్నారు. మార్గదర్శకములు గ్రామీణ ప్రాంతములలో అక్షరాలా అమలగుచున్నవా లేదా అని తమరు కొత్తగా తనిఖీ పెట్టించినారట. మంచిదే. గుమాస్తాగారు మర్యాదస్తులు. కుర్చీ చూపించి అడిగినారు.

"మందు లోపల ఉన్న రెండు గంటలూ ఎక్కడ పడుకున్నారు?"

"బస్సులో" అన్నాడు అన్నయ్య.

"ఆరుసార్లూనా?"

"ఆరుసార్లూనండి."

గుమాస్తాగారు కలము ఆపి, చుట్టూ చూసి, గొంతు తగ్గించినారు. "ఇంట్లో అని చెప్పండి పెద్దాయనా. రాసేస్తాను."

"ఇంటికి చేరేసరికి రెండు గంటలూ అయిపోయేవి కదా బాబూ. ఇంట్లో ఎట్లా పడుకుంటాను?"

వదిన బల్ల చాటున గిచ్చినది.

"ఎందుకే గిచ్చుతావ్? ఉన్నమాటేగా" అన్నాడు ఆయన, పైకే.

గుమాస్తాగారు చేయగలిగినది ఇక ఏమియు లేకపోయినది. ఉత్తర్వు వచ్చినది. "మునుపటి చికిత్స మార్గదర్శకముల ప్రకారము పూర్తి కానందున, మార్గదర్శకముల ప్రకారము జరుపవలసిన తదుపరి పరీక్ష ప్రశ్న ఉత్పన్నము కాదు. రోగి చికిత్సను మొదటి నుండి ప్రారంభించుకొనవచ్చును." మేము మొదటి నుండి ప్రారంభించుకొనుటకు అదే భవనములో కింది అంతస్తునకు పోయినాము. మందు నిల్వ లేదన్నారు. ఎప్పుడు వచ్చునని అడుగగా, వచ్చినప్పుడు తెలియునన్నారు. మందు వచ్చిననూ, మొదటి నుండి మొదలుపెట్టుటకు ముందు గొట్టపు పరీక్ష జరిపి ఉండవలెనని కూడా చెప్పినారు. మేము తిరిగి పై అంతస్తునకు పోయినాము. భోజన విరామము.

వాక్యనిర్మాణము దృష్ట్యా సదరు ఉత్తర్వులో దోషమేమీ లేదు. నేను చాలాసార్లు చదివినాను. ఎటువైపు నుండి చదివిననూ ద్వారము కనబడలేదు.

7. మార్గదర్శకములను కించపరచుట నా ఉద్దేశము కాదు. అవి అమలు కాకపోవుట వలన కాదు మేము వచ్చినది. అమలు చేసినందువలననే వచ్చినాము. పడుకొనవలెనని ఉన్నది, పడుకొన్నాడు. తిరుగవలెనని ఉన్నది, తిరిగినాడు. అవసరమైనచో బస్సు నిండా సాక్షులున్నారు, వారిలో ఒకరు ఒక కన్నుతో నిద్రించిన మాట వాస్తవము. ఆపుకొనవలెనని ఉన్నది. ఆపుకొన్నాడు. మంచము కదలరాదని మాత్రము ఆ అద్దము వెనక ఎక్కడా లేదు. పైగా మందు లోపలి గోడలన్నిటికీ తగులుటయే ఉద్దేశమైనచో, మా ఊరి రోడ్డు మీద తగలని గోడ ఉండజాలదు. ఈ వాదన సాంకేతికముగా నిలుచునో లేదో డాక్టరుగారిని అడిగినాను. ఆయన అద్దాలు తీసి తుడుచుకొని, "నన్నడిగితే పరీక్ష ఇవాళే చేస్తాను. నన్నెవరడిగారు?" అన్నారు.

తమరిని అడుగుమన్నారు. అందుచేత అడుగుచున్నాను.

8. రోగి కుటుంబ ప్రస్తుత పరిస్థితిని కూడా తెలుపవలెనని నియమమున్నది. పరిస్థితి బాగానే ఉన్నది. అన్నయ్య కండెలు చుట్టుచున్నాడు. వదిన వంట చేయుచున్నది. నేను పాఠము చెప్పుచున్నాను. మొన్న తరగతిలో పరిపాలనలో జవాబుదారీతనము అను అంశము బోధించి, గంట కొట్టిన తరువాత కూడా బోధించుచునే ఉన్నానట, పిల్లలు వెళ్ళిపోయినారు. ఎవరైనను ఏమైందని అడిగినచో "కాగితం పైకి వెళ్ళింది" అని ముగ్గురమూ ఒకే మాట చెప్పుచున్నాము. ఆ మాట చెప్పుట సులువుగా ఉన్నది. అలవాటు అయినది. కండక్టరమ్మ కూడా, "పెద్దాయన రావట్లేదేంటి?" అని అడిగినప్పుడు అదే చెప్పినాను. ఆమె, "పైకి అంటే ఎంత పైకి?" అన్నది. తమ కార్యాలయము మూడవ అంతస్తు.

కావున తమరిని వేడుకొనునది ఏమనగా: సదరు బస్సు వెనక సీటును, గడచిన ఆ ప్రయాణముల మేరకు మాత్రమే, మంచముగా గుర్తించవలెను. అది వీలుపడనిచో ఆ మంచమును కదిలిన మంచముగా గుర్తించవలెను. అదియు వీలుపడనిచో గుర్తించుటను పక్కన పెట్టి, గొట్టపు పరీక్ష ఒక్కటి జరిపించవలెను. ఆపైన సీటును తమరు ఏమనుకొన్ననూ మాకు అభ్యంతరము లేదు. దానిమీద ఎట్లాగూ ఐదుగురు కూర్చుందురు.

తమరు ఏ వైపునకు తిరిగి ఉన్ననూ, ఒక్కసారి ఇటు తిరిగి చిత్తగించవలెనని ప్రార్థన.

ఇట్లు,
ఆపుకొన్నవాని తమ్ముడు,
తమ విధేయుడు.

తా.క. పైన ఒకటి దాచాను. దాచి పంపడానికి చెయ్యి రాలేదు. ఐదో వారం రైలు గేటు పడి బస్సు చాలాసేపు ఆగిపోయింది. ఎవరూ నవ్వించలేదు. ఎండకి బస్సు రేకు కాలిపోతోంది. అన్నయ్య వల్ల కాలేదు. కండక్టరమ్మ చూసింది. తన నీళ్ళ సీసా మూత తీసి మొత్తం సీటు మీద ఒంపేసి, "అయ్యో, చేతిలోంచి జారింది, ఎవరూ ఇటు రాకండి" అని అరిచింది. సీసా పడితే అంత చప్పుడు చేయాల్సిన పని లేదు. అందరూ ముందుకే చూశారు. తర్వాత వారం సీటు కింద బ్లీచింగ్ పొడి డబ్బా ఉంది, ఎవరు పెట్టారో ఎవరూ చెప్పలేదు. కాబట్టి ఆరింటిలో ఒకటి కొట్టేయండి. ఒప్పుకుంటాను. మిగతావి కొట్టేయకండి.

ఇంకొకటి. ఇది అసలు పైనే రాయాలి, ఏ అంకె కింద రాయాలో తెలియలేదు. నిన్న పొద్దున మళ్ళీ ఎర్రగా వచ్చింది. వదిన చూసింది. ఆవిడ ఏమీ అడగకముందే అన్నయ్య, "ఎర్ర తొట్టి పని కదా ఈ వారం" అన్నాడు. ఒళ్ళో తెల్ల నూలు ఉంది. చేతుల మీద ఏ రంగూ లేదు. వదిన ఆ చేతుల వంక కాసేపు చూసింది.

"అవును కదా, మర్చిపోయాను" అంది.